చలికి లేవని బండ్లూ, మా ఫోర్‌మన్ గారూ

మొన్న పొద్దున రాయ్‌పూర్ శంకర్ నగర్‌లో ఒక కార్ల షెడ్డుకి వెళ్లాను. వారం రోజులుగా నా కారు నిద్ర లేవనంటోంది. సెల్ఫ్ తిరుగుతోంది గానీ ఇంజను అందుకోవడం లేదు. ఎండెక్కాక మాత్రం తనకేమీ తెలియనట్టు మొదటిసారికే స్టార్టవుతోంది. ఆ గోడు చెప్పుకుందామని వెళితే, అక్కడి మెకానిక్ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, "క్యా తక్లీఫ్ హై అంకుల్?" అన్నాడు.

నేను అతనికి సరిగ్గా ఎదురుగా నిలబడ్డాను. గొంతు సవరించుకున్నాను. "కిర్ కిర్ కిర్ కిర్... కిర్ర్... కిర్ర్... ఫుస్" అన్నాను.

మెకానిక్ ఒక అడుగు వెనక్కి వేశాడు. పక్కనే ఉన్న నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగిపోయింది. దారిలో కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. "అతను కారుకి ఏమైందని అడిగాడండీ, మీకేమైందని కాదు" అంది. ఇంటికి వచ్చాక ఇద్దరం చాలాసేపు ఆయన గురించే మాట్లాడుకున్నాం. ఈ విద్య నాకు అంటించి పోయినాయన గురించి.

ఆయన్ని అందరూ ఫోర్‌మన్ గారనేవారు. నిజానికి ఒక్కరోజు కూడా ఫోర్‌మన్‌గా చేసిన మనిషి కాదు. లోకోషెడ్డులో బాయిలర్ ఫిట్టరుగా చేరి ఫిట్టరుగానే దిగారు. రిటైరైన రోజు దండ వేస్తూ ఎవరో పొరపాటున "ఫోర్‌మన్ గారూ" అన్నారట. దాన్ని సరిదిద్దడం మర్యాద కాదనుకున్నారో ఏమో, ఊరుకున్నారు. మర్నాటి నుంచి తలుపు మీద చాక్‌పీసుతో రాసిన పేరు ముందు కూడా ఫోర్‌మన్ అని చేరింది. ఆ దస్తూరీ ఆయనదేనని మా వీధిలో అందరికీ తెలుసు, ఎవరమూ ఆ మాట ఎత్తలేదు.

ఆయనది బొబ్బిలి వైపు. మాది విజయనగరం పక్క. రాయ్‌పూర్‌కి మా రెండు కుటుంబాలనీ తెచ్చింది రైలే. క్వార్టరు ఖాళీ చేశాక ఆయన గుఢియారీలో పట్టాల పక్క వీధిలో రెండు గదులు తీసుకున్నారు. పెళ్లయ్యాక నేనూ అదే వీధిలో అద్దెకి దిగాను. నాకు ఆయన బాబాయి గారు, ఆయన భార్య పిన్ని.

దసరా వెళ్లగానే ఆయన తలకి ముదురాకుపచ్చ మఫ్లరు చుట్టుకునేవారు. చెవులు రెండూ మూసుకుపోయేలా రెండు చుట్లు చుట్టి, గడ్డం కింద ముడి వేసేవారు. ఆ ముడి హోలీ దాకా విప్పేవారు కాదు. ఆ మఫ్లరు లోంచే ఇంజను గుట్టంతా వినేస్తారని మేం ఆశ్చర్యపోయేవాళ్లం. "మఫ్లరు తీస్తే బిలాస్‌పూర్‌లో బయల్దేరిన గూడ్సు ఇక్కడికి వినిపిస్తుందేమో ఆయనకి" అనేవాడు పక్కింటి రైల్వే గార్డు.

చలికాలం ఆయనకి పెళ్లిళ్ల సీజను. స్కూటర్లూ, టెంపోలూ, అక్కడొకటీ ఇక్కడొకటీ ఉన్న కార్లూ డిసెంబరు మొదలవగానే మొరాయించేవి. ఆయన దృష్టిలో అది చలిజబ్బు. మిగతా జబ్బులు ఎవరైనా బాగు చేస్తారు గానీ చలిజబ్బు మాత్రం తన సొత్తని ఆయన నమ్మకం. దానికి ఆయన పెట్టిన మొదటి షరతు, బండి రాత్రంతా ఎక్కడ నిద్రపోయిందో అక్కడే ఉండాలి. తెల్లారాక దాన్ని ఎవరూ తాకకూడదు. ఆరు కాకముందే ఆయనే వచ్చి చూస్తారు.

ఒకసారి ఒక టెంపో అతను నలుగురి చేత తోయించి, ఇంజను లేపి, మోగించుకుంటూ గర్వంగా ఆయన వాకిట్లో ఆపాడు. ఆయన కుర్చీలోంచి లేవలేదు.

"ఏడెక్కిన బండి తెచ్చి సల్ల జబ్బు సూడమంటావేటి? జొరం తగ్గిపోయేక ఆస్పత్రికెల్లి జొరం సూడమంటారేటి ఎవులైనా? తీస్కెల్లిపో. రాత్రంతా పడుకోనియ్యి దాన్ని. పొద్దున్న నేనే వొస్తాను."

టెంపో అతనికి తెలుగు రాదు. అయినా అర్థమైపోయింది, తిరిగి వెళ్లిపోయాడు.

రెండో షరతు ఇంకా ఘోరం. బండికి ఏమైందో మాటల్లో చెబితే ఒప్పుకునేవారు కాదు. "సెల్ఫ్ తిరుగుతోందండీ, స్టార్టవట్లేదండీ" అని మొదలుపెడితే చెయ్యెత్తి ఆపేసేవారు. "అది నువ్వనుకున్నది. బండి ఏటంటాందో అది సెప్పు. నోటితో సెప్పు." అంతే, ఆయన వరండా ముందు నిలబడి బండి ఎలా అరుస్తుందో అలా అరవాలి. అదీ ఎదురుగా నిలబడి, తల ఎత్తి అరవాలి. తలొంచుకుని గొణిగితే మళ్లీ మొదటి నుంచి చెప్పించేవారు.

పచ్చజెండా ఊపి రైళ్లనే నడిపించే గార్డు యూనిఫారంతో నిలబడి "టర్ టర్ టర్ టర్... టస్" అనడం నేను కళ్లారా చూశాను. ఒక హైస్కూలు హెడ్మాస్టరు గారు తన స్కూటరు కోసం వచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి ఏదో అన్నారు. ఫోర్‌మన్ గారు ఆయన మూతి వంకే కళ్లార్పకుండా చూసి, "రెండోది కొంచెం లాగి సెప్పండి మేస్టారూ" అన్నారు. మేష్టారు లాగి చెప్పారు. అటుగా పోతున్న పాలవాడు సైకిలు దిగి, "కా హోగే గురూజీ లా?" అని నన్నడిగాడు. గురూజీకి ఏమీ కాలేదు, స్కూటరుకే అయిందని చెప్పి పంపేశాను.

ఇంజను గురించి ఆయన సిద్ధాంతం చాలా చిన్నది. "గాలి, నూని, నిప్పు. ముగ్గురే మనుసులు. సలికాలం పొద్దున్న ముగ్గుర్లో ఒకడు ఆలీసంగా లెగుస్తాడు. ఆడెవుడో పట్టుకోవాల. అంతేగానీ సెల్ఫ్ తాళం తిప్పుతూ కూకుంటే లెగిసినోళ్లిద్దరూ కూడా అలిసిపోతారు." ముందు బండి వెనక్కి వెళ్లి, వంగి, పొగగొట్టం వాసన చూసేవారు. పెట్రోలు వాసనొస్తే తడి, రాకపోతే పొడి. తడయితే నిప్పు బద్ధకించింది. పొడయితే నూనె రాలేదు. తరువాత పాత సుత్తి పిడి ఒకటి తీసి, ఒక కొస ఇంజను మీద ఆనించి, రెండో కొస పళ్ల మధ్య పెట్టుకుని కళ్లు మూసుకునేవారు. అందరం ఊపిరి బిగబట్టేవాళ్లం. ఎవరైనా దగ్గితే మిగతావాళ్లు గుడ్లురిమేవారు.

ఆఖరున ఆ ఇంటివాళ్లిచ్చిన టీ గ్లాసు తీసుకెళ్లి బానెట్ మూలకి పెట్టి, "ఇప్పుడు కొట్టు" అనేవారు. బండి స్టార్టయ్యాక ఇంజను వంక చూసేవారు కాదు. గ్లాసులోకి చూసి, తల పంకించి, గ్లాసు తీసుకుని టీ తాగుతూ నడిచి వెళ్లిపోయేవారు. అంత దర్జాగా వెళ్లిపోయే మనిషిని నేను మరెక్కడా చూడలేదు.

ఆయన తీసుకునే ఫీజు ఆ టీ ఒక్కటే. కానీ పొద్దున్నే వాకిట్లో ఎవరూ నిలబడకపోతే ఆయన మొహం చూడలేకపోయేవాళ్లం. ఒక ఏడాది వానాకాలంలో పది రోజుల పాటు ఒక్క బండీ పాడవలేదు. గొడుగు వేసుకుని ఇంటింటికీ తిరిగి, "బండి ఎలాగుంది? బాగానే ఉందేటి?" అని అడిగారు. బాగానే ఉందని చెప్పిన ప్రతి ఇంట్లోనూ ఆయన కొంచెం డీలా పడిపోయారు. షెడ్డు వదిలేశాక ఆయనకి మిగిలింది అదొక్కటే, పొద్దున్నే తన కోసం ఎదురుచూసే మనుషులు. అది ఏనాటికైనా పోతుందేమోనన్న బెంగ ఆయనకి ఉండేది. ఆ బెంగ ఎందుకో మాకు తరువాత తెలిసింది.

నాకప్పుడు ఉర్లాలో ఒక ఫ్యాక్టరీలో కొత్త ఉద్యోగం. ఇంకా పర్మనెంటు కాలేదు. ఏడింటి షిఫ్టు. నెలలో మూడుసార్లు ఆలస్యమైతే పర్మనెంటు కాయితం రాదని మేనేజరు మొదటి రోజే చెప్పాడు. బదిలీ మీద వెళ్లిపోతూ మా ఆఫీసరు ఒకాయన తన పాత కారు నాకు అంటగట్టి వెళ్లాడు. కారున్నవాడికి సైకిలెందుకని నా సైకిలు బావమరిదికి ఇచ్చేశాను. సరిగ్గా పదిహేను రోజులకి చలి వచ్చింది, కారు పడుకుంది. బీర్‌గావ్ మీదుగా ఉర్లా దాకా పరిగెత్తుతూ నడుస్తూ వెళ్లేసరికి రిజిస్టరులో నా పేరు పక్కన ఎర్ర గీత పడింది.

ఆ సాయంత్రం నేనూ ఆయన వరండా ముందు నిలబడ్డాను. నాకు సిగ్గెక్కువ. పైగా ఎదురింటి వాళ్లు కిటికీ తెరిచారు. ఎలాగో కళ్లు మూసుకుని, "కిర్ర్ర్... కిర్ర్ర్... కిర్ర్ర్" అన్నాను.

"ఇంతేనా? ఇంత నీరసంగానా?"

"అంతే బాబాయ్."

"సోకు లాగేవా?"

"పూర్తిగా లాగాను."

చోక్ అంటే తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. చలిలో ఇంజనుకి పెట్రోలు చిక్కగా అందాలి. అందుకోసం గాలి దారిని మూసే చిన్న రేకు ఉంటుంది. స్టీరింగ్ పక్కన గుండీ పట్టుకుని లాగితే, ఒక తీగ వెళ్లి ఆ రేకుని మూస్తుంది. గుండీ నా చేతిలోకి వచ్చింది కాబట్టి లాగానన్నాను. ఆయనా నమ్మారు.

మర్నాడు పొద్దున్నే వచ్చి ప్లగ్గులు నాలుగూ విప్పారు. మా వంటింట్లో బొగ్గుల సిగిడీ రాజుకుని ఉంది. వంకాయలు కాల్చినట్టు వాటిని దాని మీద పేర్చి, పట్టుకారుతో తిప్పుతూ కాల్చారు. ఆయన కోసం కాస్తున్న టీ దించేసి, నా భార్య గిన్నె పట్టుకుని పక్కన నిలబడింది. వేడి ప్లగ్గులు గబగబా బిగించి కొట్టమంటే బండి లేచింది. వీధంతా చప్పట్లు. ఆయన గ్లాసులోకి చూసి, టీ తాగుతూ వెళ్లిపోయారు.

తరువాతి పొద్దున బండి మళ్లీ పడుకుంది. రెండో ఎర్ర గీత.

ఆ సాయంత్రం కబురు పెడితే మర్నాడు చీకటితోనే వచ్చారు. ఈసారి నన్ను అడగలేదు. "నీ మోతలో ఏదో తప్పుంది. ఇంట్లో ఇంకెవులు ఇంటారు దీన్ని?" అన్నారు. కారు మొహం మా వంటింటి కిటికీ వైపే ఉండేది. రోజూ దాని ఏడుపు వినేది నా భార్యే. కానీ పెళ్లై రెండేళ్లు కాలేదు, వీధిలో పెద్దాయన, ఆయన ముందుకొచ్చి మూతి తిప్పుతూ కారు కూత కూయమంటే ఏ కోడలు వస్తుంది? తలుపు తెర వెనకాల నిలబడి చెప్పింది. నాకు స్పష్టంగా వినిపించింది. అచ్చం మా కారే.

ఆయన తెర వంక చూస్తూ, "ఊఁ... ఊఁ... నేనూ అదే అనుకున్నాను" అన్నారు. నిప్పు అందించే డబ్బా విప్పి, లోపల గీకి, తుడిచి, మూసి, గ్లాసు పెట్టి కొట్టమన్నారు. బండి లేవలేదు. మళ్లీ కొట్టమన్నారు. లేవలేదు. గ్లాసులో టీ కదలకుండా చల్లారిపోయింది. ఆయన గ్లాసు అక్కడే వదిలేసి, సుత్తి పిడి చంకలో పెట్టుకుని వెళ్లిపోయారు.  "ఫోర్‌మన్ గారి పని కూడా అయిపోయింది పాపం" అన్నాడు గార్డు. ఆ మాటకి నాకు కోపం వచ్చింది గానీ కోపం తీర్చుకునే వేళ కాదు. ఒక లారీ వాడి కాళ్లావేళ్లా పడి, నిమిషం తేడాలో రిజిస్టరు అందుకున్నాను.

ఆ సాయంత్రం ఆయన వరండాలో కుర్చీ లేదు.

ఇంట్లో నేను తల పట్టుకుని కూర్చుంటే నా భార్య నెమ్మదిగా వచ్చి చెప్పింది.

"ఆయనకి వినపడదండీ."

నేను నవ్వాను. వీధి మొత్తానికి చెవి ఆయన.

"నిజమండీ. మోత చెప్పాక, మీరు వెళ్లి బానెట్ ఎత్తుతుంటే, పంచదార ఎంత వెయ్యమంటారు బాబాయ్ గారూ అని అడిగాను. నేనూ అదే అనుకున్నాను అన్నారు. మళ్లీ అడిగాను. ప్లగ్గులు కాదు, డబ్బాలో ఉంది అన్నారు. తెర వెనకాల ఉన్నాను కదా, నా మూతి కనపడలేదు ఆయనకి."

నా నవ్వు ఆగిపోయింది. ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. హెడ్మాస్టరు గారి మూతి వంక ఆ చూపు. తలొంచుకుంటే మళ్లీ మొదటి నుంచి చెప్పించడం. ఇంజను చప్పుడు వినడానికి పళ్ల మధ్య కర్ర. స్టార్టయిందో లేదో తెలుసుకోవడానికి గ్లాసులో టీ వణుకు. ఇన్నేళ్లూ ఇవన్నీ గొప్ప పనివాడి చిలిపి అలవాట్లనుకుని మురిసిపోయాం. చెవులు లేని మనిషి చెవుల పని చేస్తూ అంతకాలం మా మధ్య తిరిగాడు. నాకు సిగ్గేసింది, ఆయన మీద ఎక్కడలేని ప్రేమా కలిగింది.

"ఇప్పుడేం చేద్దాం? వినపడదా అని అడగలేం కదా."

"అడగొద్దు. రేపు పొద్దున్న నేనొస్తాను" అంది.

తెల్లారి ఇద్దరం వెళ్లి ఆయన తలుపు తట్టాం. పిన్ని తలుపు తీసి, ఆయన ఒంట్లో బాగోలేదన్నారని చెప్పింది. వెనకాల మఫ్లరు కనిపిస్తూనే ఉంది. నా భార్య కొంగు భుజం చుట్టూ తిప్పుకుని, గార్డులూ హెడ్మాస్టర్లూ నిలబడిన చోట నిలబడింది. ఆయన గుమ్మంలోకి వచ్చేదాకా ఉండి, ఆయన కళ్లలోకి చూసి, తల ఎత్తింది.

ముందు చేత్తో గుండీ పట్టుకుని లాగినట్టు చూపించి, "క్రీచ్" అంది. వేలితో తలుపు కొట్టినట్టు "టక్" అంది. అప్పుడు, "కిర్ కిర్ కిర్... బుర్ర్" అంది. "ముందు ఇలాగనేది బాబాయ్ గారూ" అంది. మళ్లీ గుండీ లాగింది. "క్రీచ్." తరువాత ఏమీ అనకుండా ఖాళీ చెయ్యి తిప్పి చూపించింది. "కిర్ కిర్ కిర్ కిర్..." అంటూ పోయి పోయి ఆపేసింది. "ఇప్పుడిలాగంటోంది. ఆ టక్ రావట్లేదు."

పాలవాడు సైకిలు మీద వెళుతూ వెళుతూ ఆగిపోయాడు. నా భార్య చెవులు ఎర్రబడ్డాయి, అయినా కదల్లేదు. ఆయన ఆమె వంక చాలాసేపు చూశారు. కారు సంగతి ఆయనకి మొదటి క్షణంలోనే తెలిసిపోయింది. ఆ తరువాత చూసిన చూపంతా వేరే సంగతి గురించి. ఈ పిల్లకి తెలిసిపోయిందని ఆయనకి తెలిసింది.

వచ్చి బానెట్ ఎత్తించారు. గాలి డబ్బా మూత తీసి, నన్ను చోక్ లాగమన్నారు. లాగాను. గుండీ నా చేతికి వచ్చింది. అక్కడ తీగని పట్టుకునే చిన్న మర వదులైపోయి, తీగ జారిపోతోంది. రేకు ఉన్నచోట ఉంది.

"నువ్వు లాగేవు. అక్కడ అది కదిలిందేటి?" అన్నారు నాతో. తరువాత తనలో తనే, "నేనైనా సూడొద్దా. లాగేనన్నాడు, నమ్మీసేను" అని గొణుక్కున్నారు.

మర బిగించారు. చోక్ లాగితే రేకు టక్కున మూసుకుంది. నా భార్య తెచ్చిన టీ గ్లాసు బానెట్ మీద పెట్టారు. కొట్టాను. మూడో చుట్టుకి ఇంజను అందుకుంది. గ్లాసులో టీ వణికింది. ఆయన మొహం చూడాలి. నా ఉద్యోగం నిలబడిందని నాకెంత సంతోషమో, దానికి రెట్టింపు ఆయనకి. వీధిలో గార్డు గట్టిగా "శభాష్ ఫోర్‌మన్ సాబ్" అన్నాడు. ఆయనకి వినపడలేదు, కానీ మూతి చూశారు.

ఆ రోజు మాత్రం టీ తాగుతూ వెళ్లిపోలేదు. ఇంజను మోత మాటున నా భార్య దగ్గరికి వచ్చారు.

"ఎవులికైనా సెప్పేవేటమ్మా?"

ఆమె లేదని తలూపింది.

"సెప్పకు. ఇరవయ్యేల్లు బాయిలర్ కడుపులో కూకున్నాను. బయటోడు సుత్తితో కొడితే లోపల నేను మేకు పట్టుకోవాల. సెవులు అక్కడే పోనాయి. షెడ్డులో కూడా ఎవులికీ తెలనీలేదు. తెలిస్తే జనం రారమ్మా. సెవిటోడికి బండి సూపించడానికి ఎవులొస్తారు?"

"వస్తారు బాబాయ్ గారూ" అంది నా భార్య, ఒక్కొక్క అక్షరం విడదీసి, పెదాలు బాగా కదుపుతూ. "మేం వస్తాం."

నాకు పర్మనెంటు కాయితం వచ్చింది. మేం నోరు విప్పలేదు. విప్పకపోగా, ఆయన దగ్గరికి కొత్తగా ఎవరొచ్చినా ముందు మా ఇంటి మీదుగా పంపించేలా చూసుకునేవాళ్లం. "ఎదురుగా నిలబడండి. వెలుతురు మీ మొహం మీద పడాలి. ఆయనకి అలా అయితేనే ఇష్టం, పాతకాలం మనిషి" అని పాఠం చెప్పి పంపేవాళ్లం. మీసాలు మరీ కిందికి పెంచిన ఒక కాంట్రాక్టరుని, పెద్దల ముందుకి అలా వెళ్లకూడదని చెప్పి మీసాలు కత్తిరించుకునేలా చేసింది నా భార్య. ఇంత పెద్ద రహస్యం వీధి మొత్తంలో మేమిద్దరమే మోస్తున్నామని మాకు లోలోపల కాస్త గర్వంగా కూడా ఉండేది.

ఆయన ఒక మాఘమాసం మధ్యాహ్నం, భోజనం చేసి పడుకుని, లేవలేదు. బాధపడలేదు. కబురు తెలిసి ఎక్కడెక్కడి బండ్ల వాళ్లో వచ్చారు. ఆ టెంపో అతను కూడా వచ్చి గోడకి ఆనుకుని ఏడ్చాడు.

పదకొండో రోజు భోజనాలయ్యాక వాకిట్లో చాపల మీద కూర్చున్నాం. మాటల్లో గార్డు, "ఇంక చెప్పొచ్చు కదా. ఆయనకి ఒక్క ముక్క వినపడేది కాదు. నాకు ఎప్పట్నించో తెలుసు" అన్నాడు. నేను నోరు తెరిచాను. హెడ్మాస్టరు గారు కళ్లజోడు తుడుచుకుంటూ, "మీకూ తెలుసా? నాకు స్కూటరు చూపించిన రోజే అర్థమైంది. అందుకే లాగి చెప్పాను" అన్నారు. ఇంకొకాయన తనకీ తెలుసన్నాడు. ఆయన పక్కనున్నాయన కూడా. లెక్క చూస్తే ఆ వాకిట్లో తెలియనివాడు లేడు. ఎవరి మటుకు వాళ్లు తామొక్కరమే కాపాడుతున్నామనుకుంటూ, సిగ్గు విడిచి, ఏళ్ల తరబడి ఆ వరండా ముందు కిర్ కిర్ అంటూ కూతలు కూశారు. మొదట ఎవరో నవ్వారు. తరువాత అందరం పడీ పడీ నవ్వాం. ఆయన కోసం అంత మనసారా ఏడ్చింది కూడా ఆ నవ్వులోనే.

పిన్ని గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరమూ చూసుకోలేదు.

"ఏటర్రా మీరనీది? ఎవులికి వినపడదు?"

నవ్వు ఆగిపోయింది. గార్డు నేల చూశాడు. నా భార్య లేచి వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకుంది. "బాబాయ్ గారికి పిన్నీ. చాలా ఏళ్లుగా వినపడదు. ఎదురుగా ఉంటే మూతి చూసి తెలుసుకునేవారు" అంది.

పిన్ని గడప మీద కూర్చుండిపోయింది. అంతమందిమి ఉన్నాం. ఆయన గుట్టు ఆయన గౌరవమని, ఊరందరి దగ్గరా, ఒకరి దగ్గర ఒకరమూ దాచాం. ఈవిడొక్కరికి చెప్పాలని మాలో ఒక్కరికి కూడా తోచలేదు. ఆయనకీ తోచలేదు. భార్యకి తెలియకుండా ఎలా ఉంటుందిలే అనుకున్నామో, అసలు ఏమీ అనుకోనే లేదో.

"వంటింట్లోంచి పిలిచీదాన్ని" అంది పిన్ని, ఎవరికో కాదు, నేల వంక చూస్తూ. "పలికీవోరు కాదు. రెండుపాల్లు, మూడుపాల్లు పిలిచీదాన్ని. తరవాత నాకూ రోసం వొచ్చింది. పలకని మనిసితో మాటలేటని నేనూ మానీసేను. కంచం ఎట్టీదాన్ని, గ్లాసు ఇచ్చీదాన్ని, అటు తిరిగి ఎల్లిపోయీదాన్ని. ఎన్నేల్లో." నా భార్య చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. "నేనంటే ఇష్టం లేక పలకట్లేదనుకున్నానే తల్లీ."